గేటు పెట్టించే ముందు, తల్లీ

చి.సౌ. అమ్మలుకు పెదనాన్న ఆశీస్సులు.

నీ జీతం డబ్బుతో కాలువ గట్టున ఇల్లు కడుతున్నావని మీ నాన్న చెప్పిన రోజు ఊళ్లో కనబడిన ప్రతివాడికీ ఆ మాట చెప్పాను. నిన్న మళ్లీ వాడే ఫోను చేసి, ఏడడుగుల ఇనుప గేటు, దానికి మోటారు, గోడ మీద గాజు పెంకులు అన్నాడు. రాత్రి నిద్ర పట్టలేదు.

ముందు దొంగ ఎటు నుంచి వస్తాడో చూసుకో. దింపు తీసిన కొబ్బరికాయలు రాశి పోసేది పెరట్లో. పోతే అక్కడి నుంచే, పంట బోదె దాటించుకుని పోతారు. వీధి వైపు అంత గేటు పెట్టి పెరట్లో తడిక వదిలేస్తే ఎవరిని ఆపినట్టు? కాయలు గదిలో వేయించి తాళం పెట్టు. పెరట్లో దీపం ఉంచు.

ఇక మీ తాతయ్య గేటు సంగతి. నువ్వు పుట్టకముందు మాట. కాయలు పోయాయన్న కోపంతో ఆయన వీధి వైపు ఇలాంటి గేటే పెట్టించారు. అది లోపలికే తెరుచుకునేది. మన నల్లమట్టి వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు తీస్తుంది. పునాది లోతు చాలక ఒక స్తంభం ఒరిగింది. రెక్కను భుజంతో ఎత్తిపట్టి తీయాల్సి వచ్చేది. పోనీలే అని సర్దుకున్నాం.

1996 నవంబరు 6 రాత్రి తుపాను. ఇళ్ల కప్పులు లేచిపోతుంటే కాలువ అవతలి పూరిళ్ల వాళ్లంతా మన డాబాకు పరుగెత్తుకొచ్చారు. గేటుకు తాళం. చీకట్లో తాళంచెవి దొరికేసరికి కొబ్బరిచెట్టు కూలి లోపలి వైపు గేటుకు అడ్డంగా పడింది. ఇంకెక్కడ తెరుచుకుంటుంది? బయట పిల్లల ఏడుపులు. గోడ మీద గాజు పెంకులు. తాతయ్య గోనెసంచులు మడిచి వాటి మీద పరిచారు. తల్లులు అటు నుంచి పిల్లల్ని ఎత్తి అందిస్తే నేను ఇటు నిలబడి దించాను. ఒక ముసలావిడ ఎక్కుతుండగా గోనె జారింది. చూపుడువేలి మొదలు నుంచి మణికట్టు దాకా అరచెయ్యి తెగింది. తెల్లవారేదాకా మీ నాయనమ్మ తన చీర చెంగు చుట్టి, ఆ చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఆవిడ బతికింది కానీ ఆ చేత్తో మళ్లీ నాట్లు వేయలేకపోయింది. గాలి తగ్గాక తాతయ్య సుత్తి తీసుకుని గోడ పొడుగునా పెంకులన్నీ తనే కొట్టేశారు. మమ్మల్ని ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు.

అందుకని పెంకుల మాట మళ్లీ ఎత్తావంటే ఊరుకోను. చదువుకున్నదానివి, ఆ మాత్రం ఆలోచన ఉండక్కర్లేదా? అల్లుడు మస్కట్‌లో, నువ్వు పసివాడితో ఒక్కదానివే. నీ భయం నాకు తెలియదనుకోకు, తల్లీ.

గేటు మాత్రం నీకు ఉండి తీరాలి, వాడి కోసం. వాడికి రెండేళ్లు. మీ గుమ్మానికీ కాలువకూ మధ్య ఉన్నది రోడ్డు వెడల్పే. కాలువ నిండుగా పారే రోజుల్లో నాకు ఆ ఇల్లే కళ్ల ముందు మెదులుతుంది. నీ ఛాతీ ఎత్తు గేటు చాలు. అడ్డ కమ్మీలుంటే మెట్లెక్కినట్టు ఎక్కేస్తాడు, నిలువు కమ్మీలే వేయించు, తల దూరనంత దగ్గరగా. గడియ పైన ఉండాలి, కింద వాడు పాకిపోయే సందు ఉండకూడదు. 108 బండీ ట్రాక్టరూ ఇబ్బంది లేకుండా వచ్చేలా 12 అడుగుల వెడల్పు, రెండు రెక్కలు. పక్కన మనిషి పట్టే చిన్న గేటు వేరుగా, అది బయటికి తెరుచుకోవాలి.

పట్టా మీద జరిగే గేటు వద్దే వద్దు. వరద నీళ్లు వస్తే పట్టాలో ఒండ్రు నిండుతుంది. ధవళేశ్వరం దగ్గర గోదావరి 17.75 అడుగులకు చేరి మూడో వరద హెచ్చరిక వేసిన రోజు కరెంటు ఉంటుందని నమ్మకు. మోటారు పెట్టే తీరతానంటే, దాన్ని విడిపించి చేత్తో తెరవడం నీకూ పక్కింటివాళ్లకూ వచ్చి ఉండాలి. ఉప్పుగాలికి ఇనుము ఆగదు, రంగుకు ముందు రెడ్ ఆక్సైడ్ పూయించు.

స్తంభాలకు గోతులు తవ్వే రోజు కబురు చెయ్యి. లోతు నేను చూడకుండా కాంక్రీటు పోయనివ్వకు. వచ్చేటప్పుడు మీ పెద్దమ్మ చేసిన సున్నుండలు తెస్తాను, వాడికి చిదిపి పెట్టు.

మీ పెదనాన్న