గ్రే తవ్వకాలకు బయలుదేరుతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు ఈ వేసవిలో టెన్నెసీ రాష్ట్రంలోని గ్రే శిలాజ స్థలంలో పనిచేయబోతున్నావని మీ అమ్మ చెప్పినప్పటి నుంచి సంతోషంతో పాటు దిగులు కూడా పట్టుకుంది. టోపీ, నీళ్ల సీసా, మోకాళ్ల కింద వేసుకునే మెత్త మరిచిపోకు.

2000లో రోడ్డు వెడల్పు చేస్తుండగా బయటపడిన ఆ చోట, సుమారు 45 నుంచి 50 లక్షల ఏళ్ల కిందట రాయి కరిగి నేల కుంగిన గుంటలో చెరువు ఉండేదనీ, టాపిరస్ పోల్కెన్సిస్ అనే పొట్టి టేపిర్లు (పందిలాంటి ఒంటితో, చిన్న తొండంలాంటి ముక్కుతో ఉండే జంతువులు) దాని చుట్టూ తిరిగేవనీ నీకు తెలిసిందే. అక్కడి ఎముకలు ఇప్పటికీ తడి బంకమట్టిలోనే ఉన్నాయి. నా భయమంతా ఆ తడి గురించే.

మా రోజుల్లో గోదావరి ఒడ్డు తడిమట్టిలో ఏనాటిదో ఒక పశువు దవడ చెక్కుచెదరకుండా దొరికితే, సాయంత్రం రానున్న అధికారులకు చూపించాలన్న తొందరలో మా జట్టులోని ఒక పెద్దమనిషి దాన్ని ఎండలో పెట్టించాడు. పైపొర ముందు ఆరి బిగుసుకుంది, లోపలి తడి అలాగే ఉండిపోయింది. పొద్దు వాలే లోపే దవడ నిలువునా చీలి, పళ్ల మీది ఎనామిల్ పెచ్చులుగా లేచింది. అది చాలదన్నట్టు ఆయన పైన జిగురు పోయించాడు, అది తడి ఎముక మీద తెల్లగా పేరుకుని మట్టిని కూడా లోపలే బంధించింది. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. నువ్వు మాత్రం ఎముకను నీడలోనే ఉంచి, తడిగుడ్డ కప్పి, దాన్ని మెల్లగా ఆరనివ్వాలి; జిగురు ఎప్పుడు పూయాలో అక్కడి ప్రయోగశాలవారు చెప్పేదాకా చేయి పెట్టకు.

"మళ్లీ టేపిరేనా" అని మొహం చిన్నబుచ్చుకోకు, తల్లీ. పిల్లల నుంచి ముసలివాటి దాకా పదుల సంఖ్యలో దొరకబట్టే, ముక్కు ఎముకల ఆకారంలో, పుర్రె మీది గట్టులో కనిపించే తేడాలు ఒకే జాతిలో ఉండేవేనని 2009లో శిలాజ శాస్త్రవేత్త రిచర్డ్ హల్బర్ట్ బృందం చూపగలిగింది. విడివిడిగా దొరికి ఉంటే ఎవరైనా వాటికి వేర్వేరు పేర్లు పెట్టేవారేమో. అందుకే జల్లెడలో మిగిలిన చిన్న పాలపన్నుకు కూడా ఏ గడిలో, ఎంత లోతులో దొరికిందో అక్కడికక్కడే రాసిపెట్టు. నీ చేతిరాత సంగతి నాకు తెలుసు కాబట్టి చెబుతున్నాను, కుదురుగా రాయి.

వాన వెలిసిన వెంటనే గుంట అంచున నిలబడకు, మట్టి జారుతుంది. ఆదివారాలు మీ అమ్మకు ఫోన్ చెయ్యి. నాకు మాత్రం నీ చేతికి వచ్చిన మొదటి దవడ ఎలా ఆరిందో వివరంగా రాయి.

ఇట్లు,
మీ మామయ్య