ఎడమ కన్ను అదిరితే

ఎంవీపీ కాలనీ,
విశాఖపట్నం

బుజ్జమ్మా,

నువ్వు పంపిన వీడియో చూశాను. కంటితో పాటు పెదవి చివర కూడా పైకి లాగేస్తోంది. నాదీ అచ్చం ఇలాగే మొదలైంది. ఆడవాళ్ళకి ఎడమ కన్ను అదిరితే శుభం అంటారు కదా, ఆ లెక్కన నాలుగేళ్ళు అదిరిన నాకు కైలాసగిరంత బంగారం రావాలి! రైతుబజారులో కూరల అబ్బాయి నేను కన్ను కొడుతున్నాననుకుని తల దించుకోవడం తప్ప ఇంకేం జరగలేదు.

మీ అత్తగారు దిష్టి తీస్తానంటే తీయించుకో. కానీ ముందు న్యూరాలజిస్ట్‌కి చూపించు. దీన్ని హెమీఫేషియల్ స్పాజమ్ అంటారు. మెదడు అడుగు నుంచి ముఖానికి వచ్చే నరం మొదట్లోనే ఒక రక్తనాళం దానికి ఆనుకుని, నాడి కొట్టుకున్నప్పుడల్లా పొడుస్తూ ఉంటుంది. అరుదుగా గడ్డ వల్లా రావచ్చు, అందుకని ఎమ్మారై ఎగ్గొట్టకు.

మొదట బొటాక్స్ ఇంజెక్షన్లు ఇస్తారు, అదిరే కండరాన్ని కొన్నాళ్ళు సడలించే మందు అది. ఒక్కోసారికి 3, 4 నెలలు హాయి. ఏళ్ళ తరబడి వాటితోనే గడిపేవాళ్ళున్నారు, అందులో తప్పేం లేదు. నాకైతే ఒకసారి ఆ ఇంజెక్షన్ వల్ల రెప్ప వాలిపోయి, మీ అక్క పెళ్ళి ఫోటోలన్నిటిలో సగం నిద్రలో ఉన్నట్టే పడ్డాను. అప్పుడే ఆపరేషన్‌కి సరేనన్నాను.

చెవి వెనక రూపాయి బిళ్ళంత కంత చేసి, మైక్రోస్కోప్‌లో చూస్తూ, నరానికీ రక్తనాళానికీ మధ్య దూదిలాంటి టెఫ్లాన్ పెడతారు. మన దోసె పెనం మీద పూత ఉంటుందే, అదే సరుకు! అమెరికాలో పీటర్ జనెట్టా అనే సర్జన్ 1960ల్లో ఈ పద్ధతిని నిలబెట్టారు. పదిమందిలో ఎనిమిది, తొమ్మిది మందికి నయమవుతుంది. కానీ వినికిడి నరం పక్కనే ఉంటుంది, కొద్దిమందికి ఆ చెవి పోవచ్చు. కాబట్టి సర్జన్‌ని రెండు అడుగు: ఆపరేషన్ జరుగుతుండగా వినికిడి పరీక్షిస్తూ ఉంటారా? ఇలాంటివి మీ చేత్తో ఎన్ని చేశారు? రెండో ప్రశ్నకి విసుక్కునే డాక్టరు చేతిలో నేనైతే తల పెట్టను.

తర్వాత మూడు రోజులు తల తిరుగుడు, వాంతులు. అది సరే, నాకు ఏడుపొచ్చింది ఎక్కడంటే, కట్టు విప్పాక అద్దంలో చూస్తే కన్ను ఇంకా కొట్టుకుంటోంది! ఇంత చేసీ దండగేనా అని రాత్రంతా ఏడ్చాను. చాన్నాళ్ళు నలిగిన నరం వెంటనే ఊరుకోదట, కొందరికి నెలలు పడుతుంది. నాకు ఆరు వారాలు. ఒక పొద్దున కాఫీ కలుపుతూ ఉంటే, ఇవాళ ఒక్కసారీ అదరలేదే అని తట్టింది. పాలు పొంగిపోయాయి.

ఇంటికొచ్చాక ముక్కులోంచి గానీ కుట్ల దగ్గర గానీ నీళ్ళలా కారితే జలుబులే అనుకోకు, అది మెదడు చుట్టూ ఉండే ద్రవం కావచ్చు, ఆ క్షణమే ఆసుపత్రికి ఫోన్ చెయ్యి. వారం, రెండు వారాలకి మూతి కాస్త పక్కకి పోయినా చెప్పు. అది చాలామందికి తగ్గిపోతుంది.

జుట్టు గురించి అడిగావు. చెవి వెనక పిడికెడే తీస్తారు, జడలో కనపడదు. నేను అప్పన్నకి తలనీలాలు మొక్కుకున్నాను గానీ, మొదటి వాయిదా ఆసుపత్రి వాళ్ళే తీసేసుకున్నారు.

స్కాన్ తీయించాక ఆ సీడీ పట్టుకుని ఆదివారం రా. ప్రశ్నలన్నీ కాగితం మీద రాసుకుందాం, డాక్టరు ముందు కూర్చుంటే ఒక్కటీ గుర్తు రాదు.

మీ పెద్దమ్మ