పావురాల మాటుకు వచ్చే ముందు

చిరంజీవి మేనల్లుడికి,

ఆశీస్సులు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. లీడ్స్‌లో ఉద్యోగం కుదురుకున్నందుకు సంతోషం. తోటి ఉద్యోగులతో కలిసి, గాలిలోకి విసిరే మట్టి పళ్లేలను తుపాకితో కొట్టే మైదానానికి వెళ్లావనీ, 25లో 14 కొట్టావనీ రాశావు. తొలిసారికి అది మంచి లెక్కే. ఏ తుపాకి కొనాలి, మా లింకన్‌షైర్ చేలలో పావురాల వేటకు నాతో ఎప్పుడు రావచ్చు అని అడిగావు. తుపాకి సంగతి తరువాత చెబుతాను. అంతకు ముందు తెలుసుకోవలసినవి చాలా ఉన్నాయి. వాటిలో మొదటిది, మాటులో నీ పక్కన ఎవరు కూర్చుంటారన్నది.

నేను ఈ ఊరికి డాక్టరుగా వచ్చిన కొత్తలో ఒక రైతు మోకాలి నొప్పికి మందు కోసం వచ్చి, వారం రోజులుగా నిద్ర లేదన్నాడు. నొప్పి వల్ల అనుకున్నాను. పావురాల వల్లనట. బఠాణీ విత్తి నాలుగు రోజులైందనీ, మొలక పైకి రాకుండానే పొలం ఖాళీ అవుతోందనీ చెప్పి, ఆదివారం వచ్చి చూడమన్నాడు. వెళ్లాను. నల్లటి నేల మీద బూడిద రంగు పక్షులు వందల కొద్దీ మేస్తున్నాయి. చేతులు చరిస్తే లేచి, పక్క చేను మీదుగా చుట్టు తిరిగి, మళ్లీ అక్కడే వాలాయి. పల్నాడులో మన జొన్న చేలో మంచె ఎక్కి, వడిసెలతో రాళ్లు విసిరి చిలకలను తోలిన చేతులు నావి. కంకులన్నీ చిలకలు కొట్టేసిన ఏడాది మీ తాతయ్య గట్టు మీద ఎలా కూర్చున్నారో నాకు గుర్తుంది. ఆ రైతు కూడా అలాగే నిలబడ్డాడు. నేను ఈ పనిలోకి వచ్చింది ఆ రోజునే.

మీ అమ్మ దీనికి ఒప్పుకోదని రాశావు. అక్కయ్య అభ్యంతరాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. మన ఇంట్లో పిట్టను తోలడమే తప్ప చంపడం లేదు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తరువాత వేట అన్న మాటకే చోటు పోయింది, అది సరైనదే. ఇక్కడి పరిస్థితి వేరు. బ్రిటన్‌లో ఈ బూడిద రంగు అడవి పావురాలు, అంటే వుడ్‌పిజియన్లు, దాదాపు 50 లక్షల జంటలు ఉన్నాయి. చలికాలంలో ఆవ జాతి రేప్ పంట ఆకు, వసంతంలో బఠాణీ మొలక, జులైలో గాలివానకు పడిపోయిన బార్లీ, ఏడాది పొడవునా క్యాబేజీ, ఏదీ వదలవు. అయినా ప్రాణం ప్రాణమే. కొట్టిన ప్రతి పక్షినీ తినడానికి, లేదా తినేవాళ్లకు అందేలా చూడడానికి నీకు మనసు ఒప్పాలి. ఒప్పకపోతే తుపాకి లేకుండా రా. దుర్భిణీతో పక్షుల దారి చూసేవాడు కూడా మాకు అవసరమే. మా బృందంలో ఒకాయన పదేళ్లుగా చేస్తున్న పని అదే.

ఇక చట్టం. ఇంగ్లండులో తుపాకి కొనాలన్నా, ఇంట్లో ఉంచుకోవాలన్నా పోలీసులు ఇచ్చే షాట్‌గన్ సర్టిఫికెట్ ఉండాలి. ఐదేళ్లకోసారి కొత్తగా తీసుకోవాలి. నీ డాక్టరు నుంచి ఆరోగ్య వివరాలు అడుగుతారు, ఇంటికి వచ్చి మాట్లాడతారు, తాళం వేసే ఇనుప బీరువా చూస్తారు. అడిగినదానికి ఉన్నది ఉన్నట్టు చెప్పు. సర్టిఫికెట్ రాకముందు కూడా నా తుపాకి పట్టుకోవచ్చు, కానీ ఆ పొలంలో, నేను నీ పక్కన ఉన్నంతసేపే. అందుకు తగినట్టు రైతు నాకు రాసి ఇచ్చిన కాగితం ఉంది. పక్షుల విషయంలో చట్టం ఇంకా గట్టిది. 1981 నాటి చట్టం ప్రకారం ఇక్కడ దాదాపు అన్ని అడవి పక్షులకూ రక్షణ ఉంది. పంట నష్టాన్ని ఆపడానికి ప్రభుత్వం ఇచ్చే సాధారణ లైసెన్సు వల్లే వుడ్‌పిజియన్ మీద తుపాకి ఎత్తగలుగుతున్నాం. 2019 ఏప్రిల్‌లో కోర్టు వివాదం వల్ల పాత లైసెన్సులు ఉన్నట్టుండి రద్దయ్యాయి. బఠాణీ మొలకెత్తే రోజులవి. మేమందరం తుపాకులు బీరువాలో పెట్టి, చేలలో డబ్బాలు వాయిస్తూ తిరిగాం. ఒక్కరు కూడా గీత దాటలేదు. వీళ్లతో కలిసి తిరగడం మంచిదేనని నాకు పూర్తిగా నమ్మకం కుదిరింది అప్పుడే. ఇప్పుడు అమలులో ఉన్న లైసెన్సు షరతులు చదివి రా. గాలిపటాలు, గ్యాస్‌తో పెద్ద చప్పుడు చేసే యంత్రాలు, దిష్టిబొమ్మల వంటి మార్గాలు కూడా ప్రయత్నించాలని అందులో ఉంటుంది. ఆ పనుల్లో రైతుకు చేయి సాయం చేయడం మన వంతు.

పక్షిని గుర్తుపట్టడం రాకుండా మాటులో కూర్చోకూడదు. వుడ్‌పిజియన్ మెడకు రెండు పక్కలా తెల్లటి మచ్చ ఉంటుంది, ఎగిరినప్పుడు రెక్క మీద తెల్లటి పట్టీ కనిపిస్తుంది. పిల్లకు మెడ మచ్చ ఉండదు కాబట్టి రెక్క పట్టీనే నమ్ముకో. స్టాక్ డవ్ అనే మరో రకం అడవి పావురం కొంచెం చిన్నది, ముదురు రంగుది, తెలుపు ఎక్కడా ఉండదు. దాని మీద కాల్చడం నేరం. పందెపు పావురాలు కూడా దారి తప్పి వస్తాయి. ఒకసారి మా దీమపు పిట్టల మధ్య, అంటే పావురాలను రప్పించడానికి పెట్టే బొమ్మ పిట్టల మధ్య, ఒకటి వాలింది. నేను తుపాకి భుజానికి ఆనించాను. పక్కనున్న పెద్దాయన ఏమీ అనకుండా అరచేతితో నా మోచేతిని కిందికి నొక్కాడు. దాని కాలికి ఉంగరం ఉంది. అది పావుగంట సేపు అక్కడే మేసి, సేద తీరి, దక్షిణం వైపు ఎగిరిపోయింది. ఆ పావుగంటలో మాకు అందేంత దూరంలో పావురాలు ఎన్నో వచ్చి వెళ్లాయి. ఇద్దరం కదలలేదు.

ఈ వేటలో ముప్పాతిక వంతు చూడడమే. ముందురోజు సాయంత్రం కారు ఆపి, దుర్భిణీ తీసి, పక్షులు ఏ చెట్ల వరస మీదుగా వస్తున్నాయో, పొలంలో సరిగ్గా ఏ మూల దిగుతున్నాయో చూడాలి. అవి ఆకాశంలో ఇష్టం వచ్చినట్టు తిరగవు. పొదల కంచె వెంబడి, రెండు తోపుల మధ్య సందులోంచి, వాగు వంపు మీదుగా రోజూ ఒకే బాటన వస్తాయి. గాలి మారితే బాట మారుతుంది. హాంప్‌షైర్‌లో పావురాల వేటనే జీవనంగా చేసుకున్న మేజర్ ఆర్చీ కోట్స్ 1962లో ఒక్క రోజులో 550 కొట్టారు. ఆ సంఖ్య వెంట నువ్వు పరుగెత్తవద్దు. ఆయన పొలాలు చూడడానికి పెట్టిన కాలం ఎంతో, అది గమనించు. మనం చూడకుండా వెళ్లి అందమైన మూలలో కూర్చుంటే, పక్షులు 200 గజాల అవతల హాయిగా మేస్తాయి.

మాటు ఎక్కడ కట్టాలో గాలి చెబుతుంది. పావురం ఎదురుగాలికి వాలుతుంది. అందుకని గాలి మన వీపు వైపు నుంచో, పక్క నుంచో వచ్చేలా కంచెకు ఆనుకుని కూర్చుంటాం. నాలుగు కర్రలు, ఒక వల, వల మీద అక్కడే దొరికిన కొమ్మలు. వెనుక ఆకుల నీడ ఉండాలి, లేకపోతే వల ఎంత మంచిదైనా తల కదలిక కనిపిస్తుంది. దీమపు పిట్టలను గుర్రపు నాడా ఆకారంలో పెడతాం. ముక్కులు దాదాపుగా గాలికి ఎదురుగా ఉండాలి, కానీ సిపాయిల వరసలా ఉండకూడదు. నాడా నోరు గాలి పోయే వైపు తెరుచుకుని ఉంటుంది. వచ్చే పక్షికి దిగడానికి మధ్యలో ఖాళీ కనిపించాలి. ఆ ఖాళీ మాటుకు 20, 25 గజాల దూరంలో ఉంటే చాలు. అన్నిటికన్నా దూరంగా పెట్టిన దీమపు పిట్టే మన హద్దు. దాని అవతల ఉన్న పక్షి మీద కాల్చడమంటే దాన్ని గాయపరచి వదిలేయడమే. ఇప్పుడు దీమపు పిట్టలను చేతులకు తగిలించి గుండ్రంగా తిప్పే బ్యాటరీ యంత్రం వచ్చింది. కొన్ని రోజులు అద్భుతంగా పనిచేస్తుంది. కొన్ని రోజులు దాన్ని చూసి మొత్తం గుంపు తప్పుకుంటుంది. అలా తప్పుకుంటే వెంటనే లేచి తీసేయాలి.

తుపాకి మాట. 12 బోరు (గొట్టం సైజు) చాలు, పాతదైనా ఫరవాలేదు, నీ భుజానికి సరిపోవాలి. కొనే ముందు ఆ మైదానంలో శిక్షకుడి దగ్గర నాలుగు పాఠాలు నేర్చుకో. 30 గ్రాముల లోపు తూటా సరిపోతుంది. సీసపు గుళ్లకు కాలం చెల్లుతోంది కనుక, ఉక్కు గుళ్లకు తట్టుకునే తుపాకినే చూడు. చెవులకు రక్షణ మాత్రం మొదటి తూటా నుంచే పెట్టుకో. మా బృందంలో ఇద్దరికి ఇప్పుడు పిచ్చుక కూత వినిపించదు.

భద్రత గురించి నేను నేర్చుకున్నది ఒకే ఒక్క మధ్యాహ్నం. రెండో ఏడాది, మా బృందంలోని పెద్దాయనా నేనూ ఒకే మాటులో ఉన్నాం. నా వంతు. తక్కువ ఎత్తున వచ్చిన పక్షి ఎడమకు మళ్లింది, దానితో పాటు నా గొట్టం కూడా మళ్లింది. కాల్చలేదు కానీ, గొట్టం ఆయన మోకాళ్ల ముందు నుంచి దాటింది. ఆయన అరవలేదు. తన తుపాకిని మధ్యలో మడిచి తెరిచి తూటాలు తీసి, నా వైపు చేయి చాచాడు. నా తుపాకి ఇచ్చాను. దాన్నీ ఖాళీ చేసి, రెండింటినీ సంచుల్లో పెట్టి, ఫ్లాస్కులోంచి నాకు టీ పోశాడు. “ఈ రోజుకు చాలు, వచ్చే వారం మళ్లీ వద్దాం” అన్నాడు. ఆ వారమంతా నాకు సరిగా నిద్ర పట్టలేదు. మళ్లీ వెళ్లినప్పుడు నా ఎడమ పక్క ఒక కర్ర నేలలో పాతి ఉంది. గొట్టం ఆ కర్ర దాటకూడదన్నమాట. ఇప్పటికీ ఏ మాటులో అయినా మేం ఆ కర్రలు పాతుతాం. నీ పక్కనా పాతుతాను. తక్కువ ఎత్తు పక్షిని ఎప్పుడూ వదిలెయ్. ఆ కంచె వెనుక కాలిబాట ఉండవచ్చు, ఆ బాటన ఎవరో కుక్కతో నడుస్తూ ఉండవచ్చు.

ఆయన తపాలా శాఖలో పనిచేసి రిటైరయ్యాడు. మా నలుగురిలో పెద్ద. ఒకరు ట్రాక్టర్ల మెకానిక్, ఒకరు బడిపంతులు. ఫిబ్రవరి ఒకటిన ఫెజెంట్ అనే వేట పక్షుల కాలం ముగిశాక, ఆ నెల శనివారాల్లో చుట్టుపక్కల పొలాల వాళ్లందరూ మాట్లాడుకుని, ఒకే సాయంత్రం ఎవరి తోపులో వాళ్లు నిలబడతారు. గూటికి వచ్చే పావురాలకు ఒక తోపులో చప్పుడైతే ఇంకో తోపుకు వెళతాయి కాబట్టి, అందరూ కలిస్తేనే ఆ పని. చలిలో చెట్టుకు ఆనుకుని, దూరపు తోపులోంచి వినిపించిన తుపాకి మోతను బట్టి అక్కడున్నది ఎవరో చెప్పుకునేవాళ్లం. పోయిన ఏడాది తపాలా ఆయన కాలం చేశారు. ఆయన చేత్తో చెక్కి రంగు వేసిన పన్నెండు చెక్క దీమపు పిట్టలు నాకు వదిలి వెళ్లారు. ప్లాస్టిక్ వాటి పక్కన బరువుగా ఉంటాయి, మోయడం కష్టం. అయినా ప్రతిసారీ నాలుగైనా తీసుకెళతాను.

వేట ముగిశాక చేయవలసిన పనులే రైతుకు గుర్తుండేవి. పడిన ప్రతి పక్షినీ లెక్కపెట్టుకోవాలి, ఒకటి తక్కువైతే వెతకాలి. మెకానిక్ గారి లాబ్రడార్ వచ్చిందంటే ఆ పని సులువు. గాయపడిన దాని బాధ ఆ క్షణమే తీర్చాలి, ఎలాగో నేను చూపిస్తాను. ఖాళీ తూటాలన్నీ ఏరాలి, గేటు ఎలా ఉంటే అలా వేయాలి. తెరిచి ఉన్నది తెరిచే ఉంచాలి. కొన్ని పక్షుల మేత సంచి కోసి చూస్తే ఏ పంట తిన్నాయో తెలుస్తుంది, ఆ మాట రైతుకు చెబితే సంతోషిస్తాడు. రొమ్ము మాంసం శుభ్రం చేసి ఆయన ఇంటికి రెండు పక్షులవి పంపాలి. మిగిలినవి మనకు. మీ అత్తయ్య అల్లం, మిరియాలు వేసి ఎక్కువ సేపు కాకుండా సన్న మంట మీద వేపుతుంది. ఎక్కువ వేపితే తోలులా సాగుతుంది. మొదటిసారి పంతులు గారికి పెట్టినప్పుడు ఆయన గిన్నె ఖాళీ చేసి, ఇంకొంచెం అన్నం అడిగారు.

నెలాఖరున బఠాణీ విత్తుతున్నారు. శుక్రవారం రాత్రి రైలుకు గ్రాంథమ్ వరకు రా, నేను స్టేషనుకు వస్తాను. పొడవాటి బూట్లు, రంగు మాసిన ఆకుపచ్చ కోటు ఉంటే చాలు, ఎరుపు, తెలుపు వద్దు. ఆ మొదటి రోజు నీకు తుపాకి ఇవ్వను. పంతులు గారి పక్కన దుర్భిణీతో కూర్చుని, సాయంత్రం నాలుగింటి వరకు ఏ పక్షి ఎటు నుంచి వచ్చిందో నాకు రాసి పెట్టు. మీ అమ్మతో నేను ఫోనులో మాట్లాడతాను. వచ్చేటప్పుడు ఆవిడ పంపిన గోంగూర పచ్చడి సీసా మరిచిపోకు, మెకానిక్ గారు పోయిన సంవత్సరం నుంచి అడుగుతున్నారు.

మీ మామయ్య