పాఠకుల ప్రశ్నలు: స్పాన్సర్ చేస్తున్న బాబుని చూడ్డానికి వెళ్లాలా, ఆ డబ్బు పంపాలా?

ప్రశ్న: మేం డల్లాస్ దగ్గర ఉంటాం. నెలనెలా కొంత కడుతూ గ్వాటెమాలాలో తొమ్మిదేళ్ల బాబుని స్పాన్సర్ చేస్తున్నాం. ఉత్తరాలూ వస్తుంటాయి. మా చర్చి వాళ్లు జులైలో అక్కడికి వారం రోజుల మిషన్ ట్రిప్ పెట్టారు. స్కూలుకి రంగులు వెయ్యడం, పిల్లలకి వీబీఎస్ (సెలవుల బైబిల్ బడి), ఒక పూట స్పాన్సర్ పిల్లల్ని కలవడం. మనిషికి రెండున్నర వేల డాలర్లు. నాకూ మా అమ్మాయికీ వెళ్లాలని ఉంది. మావారు మాత్రం ‘ఆ ఐదు వేలు వాళ్లకే పంపిస్తే పోలా?’ అంటున్నారు. వెళ్తే బాబుకి ఏం తీసుకెళ్లాలి?

జవాబు: లెక్క వరకూ అయితే మీవారిదే కరెక్టు, మొహమాటం లేకుండా చెబుతున్నా. 1998లో మిచ్ తుఫాను గ్వాటెమాలా పక్కనే ఉన్న హోండురాస్‌ని ఊడ్చేశాక అమెరికా, కెనడా చర్చిల నుంచి బృందాలు వెళ్లి ఇళ్లు కట్టాయి. కర్ట్ వెర్ బీక్ అనే పరిశోధకుడు లెక్క తీస్తే, ప్రయాణ ఖర్చులతో కలిపి ఒక్కో ఇంటికి 30 వేల డాలర్ల దాకా తేలింది. అక్కడి సంస్థలు 2 వేలకే ఇల్లు కట్టేస్తున్నాయి. ఆ ఇళ్లలో ఉంటున్నవాళ్లకి ఎవరు కట్టినా ఒకటే.

అలాగని వెళ్లొద్దని నేననను. ఎలాగూ సెలవుల్లో సొంత డబ్బుతో ఎక్కడికో ఒకచోటికి వెళ్లేవాళ్లే అయితే, ఓర్లాండో బదులు ఆ బాబు దగ్గరికి వెళ్తే తప్పేముంది? చుట్టపుచూపుగా వెళ్లండి. దానికి సేవ అని పేరుపెట్టి, చర్చిలో కానుకలు పట్టించి, ఆ డబ్బుతో విమానం ఎక్కితేనే నాకు ఇబ్బంది.

ఇక ఆ రంగుల సంగతి. ఆ ఊళ్లో పెయింటర్లు లేరా? వారం పని దొరికితే సంతోషించే తండ్రులు ఆ పిల్లల ఇళ్లలోనే ఉంటారు. ఇంకోటి, గ్వాటెమాలాలో బడులు జనవరి నుంచి అక్టోబరు దాకా నడుస్తాయి, జులైలో సెలవులు మీ పిల్లలకే గానీ వాళ్లకి కాదు, కాబట్టి మీరు బ్రష్ పట్టుకున్న వారం వాళ్ల క్లాసులు ఎక్కడ జరుగుతాయో మీ టీమ్ లీడర్ని ఒకసారి అడగండి. పైగా అది అక్కడ వానాకాలం. బయటి గోడకి వేసిన రంగు ఆరేదెప్పుడు!

బాబుని కలిసే పూట మాత్రం విలువైనదే, కాకపోతే ఎక్కువ ఊహించుకుని వెళ్లకండి. అక్కడి ఆదివాసీలైన మాయా ప్రజలకి ఇరవైకి పైగా భాషలున్నాయి. బాబుది కొండప్రాంతం అయితే ఇంట్లో కిచే, కక్చికెల్ లాంటి ఒక మాయా భాష మాట్లాడుతూ, బడిలో స్పానిష్ చదువుతూ ఉండొచ్చు. మీ మాట అతని దాకా వెళ్లడానికి ఒక్కోసారి ఇద్దరు మనుషులు అనువదించి చెప్పాలి. మన ఇంటికి ముక్కూమొహం తెలియని పెద్దమ్మ వస్తే మన పిల్లలు అమ్మ వెనక్కి ఎలా దూరతారో అతనూ అలాగే దూరతాడు. ఏమీ అనుకోకండి. ఒక ఫుట్‌బాల్, రంగు పెన్సిళ్లు, మీ కుటుంబం ఫోటో చాలు. తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉంటే వాళ్లకీ ఏదో ఒకటి ఉండాలి, లేకపోతే ఆ సాయంత్రమే ఇంట్లో గొడవ. ఏది తెచ్చినా ముందు అక్కడి స్పాన్సర్‌షిప్ సెంటర్ వాళ్లకి చూపించండి. చేతికి డబ్బు ఇవ్వకండి, ఫోన్ నంబర్లు, ఫేస్‌బుక్ వద్దు, ఫోటో తీసేముందు వాళ్ల అమ్మని అడగండి, ఊరి పేరుతో ఆన్‌లైన్‌లో పెట్టకండి. అన్నిటికంటే ముఖ్యం, ‘పెద్దయ్యాక అమెరికా తీసుకెళ్తాం’ అని సరదాకి కూడా అనకండి.

సంస్థ మీ బ్యాక్‌గ్రౌండ్ చెక్ అడిగితే విసుక్కోవద్దు. ఏ తనిఖీ లేకుండా, పెద్దవాళ్లెవరూ పక్కన లేకుండా పిల్లాణ్ణి మీతో పంపించే చోటునే అనుమానించాలి.

ట్రిప్ ఖర్చు కోసం ఆ నెలవారీ డబ్బు మాత్రం ఆపకండి. బ్రూస్ వైడిక్ బృందం ఆరు దేశాల్లో (అందులో గ్వాటెమాలా, మన దేశం కూడా ఉన్నాయి) కంపాషన్ అనే క్రైస్తవ సంస్థ నడిపే పిల్లల స్పాన్సర్‌షిప్ మీద చేసి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, స్పాన్సర్ ఉన్న పిల్లలు ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా ఎక్కువ చదివారని తేలింది.

ప్రశ్న: మాకు ఓసీఐ (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివాళ్లకిచ్చే కార్డు) ఉంది. క్రిస్మస్‌కి నలుగురు అమెరికన్ ఫ్రెండ్స్‌ని టూరిస్ట్ వీసా మీద మా గోదావరి జిల్లాకి తీసుకెళ్లి, ఒక హోమ్‌లో పిల్లల్ని చూపించి, రెండు మూడు మీటింగుల్లో మాట్లాడించాలని ప్లాన్. ఇబ్బందేమైనా ఉంటుందా?

జవాబు: ఉంటుంది, ఇప్పుడే ప్లాన్ మార్చుకోండి. టూరిస్ట్ వీసా మీద వచ్చినవాళ్లు గుడికో చర్చికో వెళ్లొచ్చు, ఆరాధనలో కూర్చోవచ్చు, కానీ ప్రసంగాలు చెయ్యడం, కరపత్రాలు పంచడం కుదరదు. దానికి మిషనరీ వీసా వేరే ఉంది. మీరు కూడా, ఓసీఐ ఉంది కదా అని ధీమాగా ఉండొద్దు. 2021 మార్చి నోటిఫికేషన్ ప్రకారం మిషనరీ పనికి ముందుగా ప్రత్యేక అనుమతి తీసుకోవాలి. హోమ్ నిర్వాహకుడి చేతిలో డాలర్లు పెట్టడం అసలే వద్దు. విదేశీ విరాళం తీసుకోవాలంటే వాళ్లకి ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి, 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ముందు ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి. కంపాషన్ లాంటి పెద్ద సంస్థే ఈ చట్టం దగ్గర ఇరుక్కుని 2017లో ఇండియాలో మూతపడింది, లక్షా నలభై వేలకు పైగా పిల్లల స్పాన్సర్‌షిప్‌లు ఆగిపోయాయి. ఆ హోమ్‌కి జువెనైల్ జస్టిస్ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందో లేదో కూడా కనుక్కోండి.

ప్రశ్న: చిన్నప్పుడు స్పాన్సర్ డబ్బుతో హాస్టల్లో ఉండి చదువుకున్నాను. దొరలొస్తున్నారంటే మమ్మల్ని వరసగా నిలబెట్టి ఇంగ్లిష్ పాట పాడించేవాళ్లు. అప్పట్లో ఒళ్లు మండేది. ఇప్పుడు మాత్రం నాకు డబ్బు కట్టిన ఆమెకి ఒక ఉత్తరం రాయాలనిపిస్తోంది. ఎలా?

జవాబు: ఆ సంస్థ విదేశంలోని హెడ్డాఫీసుకి మెయిల్ చెయ్యండి. మీ పూర్తి పేరు, పుట్టినతేదీ, హాస్టల్ పేరు, చదివిన సంవత్సరాలు, పాత ఉత్తరాల మీద చైల్డ్ నంబర్ ఉంటే అదీ రాయండి. ఆమె అడ్రస్ మీకివ్వరు గానీ, రికార్డులు ఉంటే ఉత్తరం అందజేస్తారా అని అడగొచ్చు. ఆమెకి వయసు పైబడి ఉంటుంది కాబట్టి పెద్ద అక్షరాలతో టైప్ చేసి పంపండి. ఆ పాటల సంగతి కూడా రాయండి, దాచక్కర్లేదు.