ముందు ఒక శనివారం నిలబడి చూడు

చిన్నీ,

నీ మెసేజ్ నిన్న రాత్రి చూశాను. "అత్తా, యూనివర్సిటీ పక్కన విక్టోరియా పార్కులో శనివారం పొద్దున్నే బోలెడంతమంది పరిగెడుతున్నారు, నాకూ వెళ్ళాలనుంది, కానీ అందరికన్నా చివర వస్తే సిగ్గుచేటు కదా" అని పెట్టావు. ఫోన్లో చెప్తే ఊఁ కొట్టి మర్చిపోతావు. అందుకని తీరిగ్గా కూర్చుని రాస్తున్నా.

ముందు నీ భయం సంగతి. నువ్వు చివర రావు. రావాలనుకున్నా రాలేవు. నువ్వు చూసినదాన్ని పార్క్‌రన్ అంటారు, శనివారం పొద్దున పార్కుల్లో వాలంటీర్లు నడిపే ఐదు కిలోమీటర్ల ఉచిత పరుగు. అందులో టెయిల్ వాకర్ అని ఒక వాలంటీర్ ఉంటారు. అందరికంటే వెనక నడిచి రావడమే ఆ మనిషి పని. నువ్వు ఐదు కిలోమీటర్లూ నడుచుకుంటూ వెళ్ళినా నీ వెనక వాళ్ళుంటారు, ఫలితాల్లో చివరి పేరు వాళ్ళదే. ఆ టెన్షన్ అక్కడితో వదిలెయ్యి.

ఇక నేను చెప్పేది ఒక్కటే. మొదటి శనివారం పరిగెత్తకు. వాలంటీర్ జాకెట్ తొడుక్కుని నిలబడు.

ఇదేం సలహా అనుకుంటున్నావు కదూ. మన పెళ్ళిళ్ళలో బంతిలో కూర్చున్నవాళ్ళకి అటొకరూ ఇటొకరూ తెలుస్తారు. నెయ్యి గిన్నె పట్టుకుని తిరిగే పిల్లకి బంతి మొత్తం తెలిసిపోతుంది. ఎవరు ఎవరి తాలూకో, ఎవరికి షుగరో కూడా. నేను ఆ ముక్క ఆర్నెల్లు ఆలస్యంగా తెలుసుకున్నాను. మా ఊరి పార్కుకి ప్రతి శనివారం వెళ్ళేదాన్ని, సగం పరుగు, సగం నడక, చివర్న నా పేరు మీదున్న బార్‌కోడ్ చూపించి ఇంటికొచ్చేసేదాన్ని. ఆర్నెల్లలో ఒక్క మనిషి పేరు తెలిస్తే ఒట్టు. ఒకసారి మోకాలు నొప్పెట్టి, ఊరికే ఇంట్లో కూర్చోవడం దేనికని, వచ్చినవాళ్ళ బార్‌కోడ్లు స్కాన్ చేసే వాలంటీరుగా నిలబడ్డాను. ఆ రోజు టీ తాగి లేచేసరికి ఏడుగురి పేర్లు నోటికొచ్చాయి.

అసలు పార్క్‌రన్ మొదలైందే అలా. 2004 అక్టోబర్ 2న, లండన్ పక్కన బుషీ పార్కులో. పాల్ సింటన్-హెవిట్ అనే ఆయన మంచి పరుగుగాడే, కానీ అప్పుడు గాయమై పరిగెత్తలేకపోతున్నాడు. స్నేహితుల్ని కలవడం మానడం ఇష్టంలేక, మీరు పరిగెత్తండి, నేను టైం చూస్తానన్నాడు. వచ్చినవాళ్ళు 13 మంది. ఎన్నో స్థానంలో వచ్చారో తెలియడానికి చేతికిచ్చే నంబరు టోకెన్లు కూడా హార్డ్‌వేర్ షాపులో దొరికే ఇనప వాషర్లే, వాటి మీద నంబర్లు కొట్టుకున్నారు. రెండో చోటు వింబుల్డన్‌లో మొదలవడానికి 2007 దాకా పట్టింది. ఇప్పుడు 20కి పైగా దేశాల్లో జరుగుతోంది. నేను బుషీ పార్కుకి ఒకసారి వెళ్ళాను. వెయ్యిమంది పైనే ఉన్నారు, పక్కనే జింకలు మేస్తున్నాయి. అంతమందిలో నాకు పెద్దగా నచ్చలేదనుకో. చిన్న పార్కులే నయం.

ఇప్పటికీ డబ్బు తీసుకోరు. బ్రిస్టల్ దగ్గర లిటిల్ స్టోక్‌లో 2016లో అక్కడి పారిష్ కౌన్సిల్, అంటే మన పంచాయతీ లాంటిది, రుసుము కట్టమంటే, కట్టి నడపడం కన్నా అక్కడ ఆపెయ్యడమే మేలనుకున్నారు. కాబట్టి నీ జేబులోంచి పెన్నీ తీయక్కర్లేదు. ఒక్కసారి పేరు నమోదు చేసుకుంటే బార్‌కోడ్ వస్తుంది, అది అన్ని పార్కులకీ పనికొస్తుంది. ప్రింటు తీసి పర్సులో పెట్టుకో. చలికి ఫోన్లు చటుక్కున చచ్చిపోతాయి.

వాలంటీరుగా వస్తానని అక్కడివాళ్ళకి రెండు ముక్కలు మెయిల్ పెట్టు, "ఇంతకుముందు చేయలేదు" అని కూడా రాయి. ఏం పని కావాలని అడుగుతారు. మార్షల్ అనకు. మార్షల్ అంటే మలుపు దగ్గర ఒక్కదానివే నిలబడి దారి చూపిస్తూ చప్పట్లు కొట్టడం. ముద్దుగానే ఉంటుంది, మనుషులు రొప్పుతూ కూడా "థాంక్యూ మార్షల్" అని వెళ్తారు, కానీ ఎవరితోనూ మాట పడదు. టైంకీపర్ అసలే వద్దు, మొదటిరోజే అంత బరువు దేనికి. బార్‌కోడ్ స్కానింగ్ అడుగు. పరుగు అయిపోయిన మనిషి నీ ఎదురుగా వచ్చి నిలబడతాడు. ముందు వాళ్ళ బార్‌కోడ్, తర్వాత చేతిలోని టోకెన్ ఫోన్‌తో స్కాన్ చేస్తావు. ఆ రెండు క్షణాల్లో ఎంతో కొంత మాట కలుస్తుంది. ఇంగ్లీషు యాసని భయపడకు, అప్పటికి వాళ్ళకే ఊపిరాడదు.

తప్పులు జరుగుతాయి. నా సంగతి విను. రెండేళ్ళ కిందట టోకెన్లు ఇచ్చే పని నాది. గీత దాటగానే తాళ్ళు కట్టిన సన్నటి సందులోంచి ఒకరి వెనక ఒకరు వస్తారు, వచ్చిన వరసలో ఒక్కొక్కరి చేతిలో ఒక్కో టోకెన్ పెట్టాలి. ఆ రోజు గాలి, చలి. నేను మందపాటి ఉన్ని గ్లవ్స్ వేసుకెళ్ళాను. తడికి రెండు టోకెన్లు అతుక్కున్నాయి, రెండూ ఒకాయన చేతిలో పెట్టేశాను. ఆయన చూసుకోలేదు, నేనూ చూసుకోలేదు. టైంకీపర్ మనిషికో నొక్కు నొక్కుతుంది కదా, ఆయన తర్వాత వచ్చిన ప్రతివాళ్ళకీ తమ వెనకవాళ్ళ టైం పడింది. కెఫేలో కూర్చుని టోకెన్లు వరసగా పేరుస్తుంటే లెక్క తేలింది. టైమర్‌లో పడ్డ నొక్కుల కన్నా టోకెన్ ఒకటి ఎక్కువ. నా మొహంలో నెత్తురు చుక్క లేదు. నేనేనని చెప్పాను. ఆ రోజు రన్ డైరెక్టర్‌గా, అంటే పరుగు మొత్తం చూసుకునే మనిషిగా ఉన్నావిడ అద్దాలు నుదుటి మీదికి తోసుకుని, "ఎక్కడ జరిగి ఉంటుందో వెతుకుదాం, ముందు ఆ బిస్కెట్ తిను" అంది. అరగంటలో సరిచేశాం. గ్లవ్స్ వేళ్ళ చివర్లు కత్తిరించుకోమని ఆవిడే చెప్పింది.

అందుకే చెప్తున్నా, చేతులు జాగ్రత్త. పరిగెత్తేవాళ్ళకి ఒళ్ళు వేడెక్కుతుంది, నిలబడినవాళ్ళకి కాదు. రెండు జతల సాక్సులు, లోపల థర్మల్, పైన వాన కోటు. తొమ్మిదికి మొదలంటే ఎనిమిదిన్నరకల్లా అక్కడుండు. మంచు గడ్డకట్టిన రోజున పరుగు రద్దు చేస్తారు, బయల్దేరేముందు ఒకసారి చూసుకో.

అయ్యాక కెఫేకి పిలుస్తారు. రాననకు. పరుగు ఒక ఎత్తు, ఆ గంట ఒక ఎత్తు. మీ నాన్న వైజాగ్ బీచ్ రోడ్డులో నడకకి వెళ్ళి, వచ్చేటప్పుడు నలుగుర్ని వెంటేసుకుని మీ అమ్మ చేత పెసరట్లు పోయించేవాడు చూడు, ఇదీ అదే బాపతు. కాకపోతే ఇక్కడ ఎవరి టీ డబ్బులు వాళ్ళే ఇచ్చుకుంటారు. మనలాగా కౌంటర్ దగ్గర చేతులు పట్టుకుని పెనుగులాడకు, బెదిరిపోతారు.

రన్నింగ్ క్లబ్బుల గురించి కూడా అడిగావు. వాటికి ఏడాదికింత చందా ఉంటుంది, వారంలో ఒకట్రెండు సాయంత్రాలు సాధన. కొన్ని చాలా మంచివి, కొన్నింట్లో నిమిషాల లెక్క తప్ప ఇంకో మాట ఉండదు. తొందరపడి చేరకు. అప్పుడప్పుడు ఒక క్లబ్బువాళ్ళే ఆ శనివారం వాలంటీర్ పనులన్నీ చేస్తామని ముందుకొస్తారు. ఆ రోజు వెళ్ళి, చివర వచ్చేవాళ్ళతో వాళ్ళెలా మాట్లాడుతున్నారో చూడు. నీకే తెలుస్తుంది.

నాలుగైదు వారాలయ్యాక టెయిల్ వాకర్‌గా ఒకసారి వెళ్ళు. నాకైతే అన్నిట్లోకీ అదే ఇష్టం. మా దగ్గర డెబ్భై దాటిన ఒకావిడ వస్తుంది. రెండో చుట్టులో ఒక బెంచీ దగ్గర ఆగి, ఫ్లాస్కు తీసి, మూతలో నాకింత టీ పోసి, కౌన్సిల్‌ని పది నిమిషాలు తిట్టి లేస్తుంది. గీత దగ్గర అందరూ మా కోసం చూస్తూ ఉంటారు. ఆవిడకి చీమ కుట్టినట్టైనా ఉండదు.

శనివారం సాయంత్రం ఫోన్ చెయ్యి. బట్టలు మెషిన్‌లో వేసేముందు జేబులు చూసుకో. మీ మామయ్య జేబులో 212 నంబరు టోకెన్ ఉండిపోయి మూడు వాషులు తిన్నది. ఆ మూడు వారాలూ పాపం అక్కడ దానికోసం వెతుకుతూనే ఉన్నారు.

మీ అత్త