ప్యాకేజీ సరే, నెలకు చేతికొచ్చేదెంత?

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ సీఎస్ఈ ఫైనలియర్. క్యాంపస్‌లో రెండు ఆఫర్లు వచ్చాయి. ఒకటి 3.6 లక్షలు. రెండోది 6 లక్షలు, రెండేళ్ల బాండ్. తను మొదటిదానికే వెళ్తానంటోంది. తక్కువ జీతంతో మొదలుపెడితే ఎప్పటికీ వెనకబడిపోదా?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మీరు పంపిన ఆఫర్ లెటర్లు రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివానండీ. ఆ ఆరు లక్షల్లో 75 వేలు జాయినింగ్ బోనస్. అది ఒక్కసారే ఇస్తారు, ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టాలి. 60 వేలు వేరియబుల్, అంటే పనితీరును బట్టి ఇచ్చేది, అది వస్తుందన్న గ్యారంటీ లేదు. కంపెనీ వాటా పీఎఫ్, గ్రాట్యుటీ, ఇన్సూరెన్స్ కలిపి ఇంకో 41 వేలు. అమ్మాయి వాటా పీఎఫ్, ప్రొఫెషనల్ ట్యాక్స్ కూడా తీసేస్తే నెలకు 33 వేల చిల్లర. మొదటి ఆఫర్‌లో సుమారు 25 వేలు. ఏడాదికి 2.4 లక్షలు ఎక్కువంటే నెలకు 20 వేల తేడా అనుకున్నారు మీరు. అసలు తేడా ఎనిమిది వేలే.

పెద్ద ప్యాకేజీ అంటే నాకు మొదట్నుంచీ అనుమానమే. పిల్లల్ని రప్పించడానికి అంకె పెంచుతారు, వెళ్లిపోకుండా బాండ్ రాయించుకుంటారు. పైగా ఆఫర్ ఇచ్చినంత మాత్రాన అదే జీతం ఇస్తారనీ లేదు. 2023లో ఒక పెద్ద ఐటీ సంస్థ 6.5 లక్షలకు ఆఫర్ ఇచ్చిన ఫ్రెషర్లనే 3.5 లక్షలకు చేరతారా అని అడిగింది.

వేరే సంస్థలకు సాఫ్ట్‌వేర్ పనులు చేసిపెట్టే ఐటీ సర్వీస్ కంపెనీల్లో ఫ్రెషర్ జీతం పదేళ్లకు పైగా మూడున్నర లక్షల దగ్గరే తిరుగుతోంది. ఆ జీతానికి వచ్చేవాళ్లు ఏటా లక్షల్లో ఉన్నారు కాబట్టి పెంచాల్సిన అవసరం కంపెనీలకు రాలేదు. అవే కంపెనీలు కోడింగ్ పరీక్ష బాగా రాసినవాళ్లకు రెట్టింపు ఇస్తున్నాయి. కంపెనీ మారినప్పుడు పాత జీతం అడుగుతారన్నది నిజమే. కానీ రెండేళ్ల తర్వాత ఇంటర్వ్యూలో ఏం పని చేశావని కూడా అడుగుతారు. మొదటి కంపెనీలో ట్రైనింగ్ ఇచ్చి డెవలప్‌మెంట్‌లో, అంటే కోడ్ రాసే పనిలో వేస్తామన్నారు. రెండో దాంట్లో నైట్ షిఫ్ట్ సపోర్ట్, అంటే ఉన్న సాఫ్ట్‌వేర్‌లో సమస్యలొస్తే చూసుకునే పని. అమ్మాయి ఇది గమనించింది, మీరు గమనించలేదు.

కోపం తెచ్చుకోకండి, ఒక మాట అంటాను. బంధువులందరికీ ఆరు లక్షలని చెప్పేశానని ఉత్తరం చివర్లో రాశారు. మీ టెన్షన్ అసలు అక్కడుంది. దాని కోసం పిల్ల రెండేళ్లు రాత్రిళ్లు మేలుకోవాలా? మీ అమ్మాయి వెనకబడదు. రెండు లెటర్లూ లైను లైను చదివి నిర్ణయం తీసుకున్న పిల్ల.

అయినా రెండోదే కావాలని తనే అంటే, సంతకానికి ముందు మధ్యలో మానేస్తే ఎంత కట్టాలని బాండ్‌లో రాశారో చూడండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గరే ఉంచుకుంటామంటే మాత్రం ఇవ్వకండి.