పరుగా, సైకిలా?

"వయసు నలభై, బరువు 82 కిలోలు, పగలంతా కుర్చీలోనే ఉద్యోగం. రోజూ పరుగెత్తాలా, సైకిల్ తొక్కాలా?" అని అడిగారు. మీ విషయంలో నా ఓటు ముందు సైకిల్‌కే.

కారణం మోకాళ్లు. పరుగులో ఒక్కో అడుగుకీ ఒంటి బరువుకు రెండు మూడు రెట్ల భారం కాలి మీద పడుతుంది. సైకిల్ మీదైతే చాలా బరువు సీటే మోస్తుంది. అలాగని పరుగు మోకాళ్లను అరగదీస్తుందని కాదు; అలవాటు లేని ఒంటితో మొదటి వారమే ఐదు కిలోమీటర్లు లాగించేస్తేనే తంటా. నిజానికి ఎముకలు గట్టిపడాలంటే ఆ అదురు కావాలి, సైకిల్ అది ఇవ్వదు.

టైమ్ తక్కువుంటే పరుగే లాభం. 70 కిలోల మనిషి గంటకు 8 కి.మీ. వేగంతో అరగంట పరుగెడితే సుమారు 290 కేలరీలు ఖర్చవుతాయి. తాపీగా సైకిల్ తొక్కితే అంత కావు.

సీటు ఎత్తు మాత్రం చూసుకోండి. చాలామంది బాగా దించేసి తొక్కి, మోకాళ్లు నొప్పులని సైకిల్‌ని తిడతారు. పెడల్ బాగా కిందికి వచ్చినప్పుడు దాని మీద మడమ ఆనిస్తే కాలు నిటారుగా చాచుకోవాలి. పాదం ముందు భాగంతో తొక్కేటప్పుడు మోకాలు కాస్త వంగి ఉంటుంది, అదీ లెక్క.

హైదరాబాద్‌లో ఉంటే ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కి.మీ. సోలార్ పైకప్పు ట్రాక్ ఉంది, లారీల టెన్షన్ ఉండదు. రెండు నెలలయ్యాక వారానికి రెండు రోజులు నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక చొప్పున కలుపుకోండి.